ఊపిరి పీల్చని పెట్టెలు

మామ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను తిరుప్పూరులో, మా బనియన్ కంపెనీ శాంపిల్ గదిలో, ఒక కాలరు పట్టీని టేపుతో కొలుస్తున్నాను. ఫోన్ చేసింది బావ, అంటే మామ కొడుకు. "అమ్మీ, నాన్న పోయినారు. సూలూరు కాడ, తరి షెడ్డులో. నువ్వు నేరుగా ఇంటికి పో. అమ్మ ఒక్కతే ఉండాది," అన్నాడు. నేను "సరి" అన్నాను. కాలరు కొలవడం పూర్తిచేశాను. కొలత మెయిల్లో రాసి పంపి, కింద ధన్యవాదాలు కూడా పెట్టాను. తర్వాత బ్యాగు తీసుకుని బస్సెక్కాను. పక్కన కూర్చున్నావిడ నిమ్మకాయ మిఠాయి ఇస్తే తిన్నాను. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, కబురు వినగానే కుప్పకూలానని రాస్తే అది అబద్ధం. ఇది రాస్తున్న ఇవాళ్టి వరకూ ఏడుపు రాలేదు. పళ్ళ డాక్టరు సూది వేశాక చెంప ఎలా ఉంటుందో, మనిషినంతా అలా ఉన్నాను.

'అమ్మ ఒక్కతే ఉండాది' అన్న మాట మా ఇంట్లో ఊరికే అనరు. అత్తకు ఊపిరితిత్తులు పాడై చాలా ఏళ్ళయింది. పెళ్ళికి ముందు నుంచీ ఒక నూలు మిల్లులో దూది ఏకే మిషన్ల దగ్గర పనిచేసింది. ఆ దుమ్మే ఆమె లోపల కూర్చుంది. ఇప్పుడు ముక్కుకు ఒక సన్నని గొట్టం, ఆ గొట్టం రెండో కొస గది మూలన గురగురలాడే ఆక్సిజన్ మిషన్‌కు. ఆ మిషన్ కరెంటుతో నడుస్తుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ బ్యాటరీతో నడుస్తుంది. బ్యాటరీ అయిపోతే ఒక చిన్న సిలిండరుంది, అదీ అయిపోతే ఇంకేమీ లేదు. కరెంటు పోయిన ప్రతిసారీ లేచి, ఇంట్లో ఉన్న ప్రతి ప్లగ్గూ పీకి, బ్యాటరీలో ఉన్నదంతా ఆ మిషన్‌కే దక్కేటట్టు చూసే పని మామది. ఆ పని ఆయన ఇంకొకరికి ఎప్పుడూ అప్పజెప్పలేదు.

బతుకుతెరువుకు ఆయన కంప్యూటర్లు కట్టేవారు. ముందు కోయంబత్తూరు గాంధీపురంలో, బస్టాండు వెనక సందులో, ఒక షాపులో జీతానికి ఉండేవారు. అక్కడ కట్టినవన్నీ మామూలు పెట్టెలు. ముందొక ఫ్యాను, వెనకొక ఫ్యాను, నడుమ ఇంకొకటి. స్విచ్చు వేస్తే గుర్రుమని లేచేవి. మామ చేతులు చాపి, "సూలూరు మిలిటరీ ఫ్లైటు లేస్తా ఉండాది, జరగండి జరగండి," అని పక్కవాళ్ళను వెనక్కి నెట్టేవారు. కాలేజీ కుర్రాళ్ళు వచ్చి లోపల రంగురంగుల లైట్లు పెట్టమంటే, "లైటు సూడాలంటే మారియమ్మ పండగకు రా కన్నూ, నేనే తీసుకపోతాను," అనేవారు. చివరికి లైట్లు పెట్టే ఇచ్చేవారనుకోండి.

ఆయన దారి మళ్ళింది ఒక మిల్లు ఆఫీసులో. కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతోందంటే వెళ్ళి మూత విప్పారు. లోపల ఫ్యాను రెక్కల చుట్టూ, ఆ కింద వేడిని లాగే అల్యూమినియం పలకల సందుల్లో, దూది పేరుకుని చాపలా అల్లుకుపోయి ఉంది. వేలితో లాగితే మొత్తం ఒక్క ముక్కగా ఊడి వచ్చిందట. మా వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. గాలిలో నూలు ఎగిరే ఊళ్ళు ఇవి. ఫ్యాను తిరిగిన చోటికి అది వచ్చి చేరుతుంది. కానీ ఆ వారంలోనే డాక్టరు అత్త ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించారు. ఆ మాట మామ నాకు చాన్నాళ్ళ తర్వాత, ఒక పెట్టెకు స్క్రూలు బిగిస్తూ, తల ఎత్తకుండా చెప్పారు.

"రెండూ ఒకే మాదిరి ఉండె అమ్మీ. ఆ పెట్టె మూచు పీల్చింది, పంజు లోపలికి పోయింది. మీ అత్తా అంతే. మీ అత్తను తిరగ కట్టేదానికి నాకు తెలీదు. పెట్టెనైనా మూచు పీల్చకుండా కడదామని."

మూచు అంటే ఊపిరి, పంజు అంటే దూది. మా ఇళ్ళలో తెలుగు ఇలాగే ఉంటుంది, సగం మాటలు అరవం దగ్గర చేబదులు తెచ్చుకున్నవే. ఎన్ని తరాల కిందట ఇటు తమిళనాడుకు వచ్చామో ఎవరికీ సరిగ్గా తెలియదు. మాట మిగిలింది, రాత మిగల్లేదు. నేను కాలేజీలో పట్టుబట్టి నేర్చుకున్నాను కాబట్టి ఇది రాయగలుగుతున్నాను. మామకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. నేను రాసింది చూపిస్తే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, "జిలేబీ పోసినట్టు అందంగానే ఉండాది, చదివి చెప్పు," అనేవారు. ఆయన ఉన్నా ఇది నేనే చదివి వినిపించాల్సి వచ్చేది.

షాపు మానేసి ఇంటి ముందు గదిలోనే పని పెట్టుకున్నారు. ఫ్యాను లేని కంప్యూటరు కట్టడం అంటే ఫ్యాను తీసేస్తే చాలదు. ముందు తక్కువ కరెంటు తినే ప్రాసెసరు వెతకాలి. తక్కువ తింటే తక్కువ వేడెక్కుతుంది. ఆ కాస్త వేడి కూడా ఎటో పోవాలి కదా, అది పెట్టె ఒంటిలోకే పోయి, ఒంటి మీదుగా గాలిలో కలవాలి. దానికి మామ కనిపెట్టిన దారి మా కోయంబత్తూరు మనిషికి తప్ప ఇంకెవరికీ తట్టదేమో. పీళమేడు వైపు పంపు మోటార్లు పోతపోసే చోట్ల, పగుళ్ళు వచ్చి పక్కన పడేసిన మోటారు ఒళ్ళు దొరుకుతాయి. వాటి మీద పొడుగునా గట్లు గట్లుగా రెక్కలుంటాయి, వేడి పోవడానికే. మామ వాటిని పలకలుగా కోయించి తెచ్చేవారు. ఒక వైపు రెక్కలు ఉంచి, రెండో వైపు గాజు పలక మీద గరుకు కాగితం పరిచి, నీళ్ళు చల్లి, అద్దంలా అయ్యేదాకా రుద్దేవారు. ఆ నున్నటి వైపుకు ప్రాసెసరును ఆనించి బిగిస్తే, ఆ పలకే పెట్టెకు గోడ, ఆ గోడే దానికి ఫ్యాను. నల్ల రంగు వేసి బల్ల మీద పెడితే చిన్న సైజు గ్రైండరు మోటారులా కనిపించేది. అందంగా ఉండేదని నేను అనను.

ప్రాసెసరుకూ పలకకూ నడుమ పూసే పేస్టు దగ్గర మాత్రం ఆయనకు చాదస్తం. ఒకసారి నేను పూస్తానని ట్యూబు తీసుకుని ధారాళంగా పిండాను. మామ ట్యూబు లాక్కున్నారు.

"ఏమమ్మీ, పొంగలికి నెయ్యి పోస్తా ఉండావా? నుదుట గంధం పెట్టినట్టు పెట్టాల. కింద తోలు కనపడేంత పల్చగా."

అన్నీ బిగించాక స్విచ్చు వేసి, ఆయన చేసే పని ఒకటుంది. కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, పెట్టె మీద చెంప ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. ఫ్యాను లేకపోయినా లోపల ఏదో ఒక భాగం సన్నగా కీచుమంటుందట, దోమలాగ. మనకు వినపడదు. అది వినపడితే ఆ భాగం మార్చేవారు, లేకపోతే అలాగే చాలాసేపు ఉండిపోయేవారు. ఆ సమయంలో ఎవరూ ఆయన్ను పలకరించకూడదు. కొనడానికి వచ్చినవాళ్ళు కూడా గుమ్మం బయటే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడేవారు. అత్త మంచం మీది నుంచి, "లేయండి, అది మీకేమీ రహస్యం చెప్పదు," అనేది.

ఈ పెట్టెలు కొన్నవాళ్ళు చేసిన చిత్రాలు చెప్పకపోతే మామ గురించి చెప్పినట్టు కాదు. మొదటి చిత్రం స్విచ్చుతో. మా వాళ్ళకు కంప్యూటరంటే చప్పుడు. స్విచ్చు నొక్కుతారు, చప్పుడు రాదు, ఆన్ కాలేదనుకుని మళ్ళీ నొక్కుతారు. అప్పుడది నిజంగానే ఆగిపోతుంది. "మామాంగ, మీ మిషన్ చచ్చిపోయిందింగ," అని ఫోన్. 'ంగ' అంటే మా వైపు 'అండి'. "చావలేదుంగ, మీరు చంపుతా ఉండారు. నొక్కి చేయి తీయండి. చేయి తీసి కాపీ తాగండి," అని మామ జవాబు. రెండో చిత్రం ఆయుధపూజకు. సైకిలుకూ మగ్గానికీ బొట్టు పెట్టినట్టే ఈ పెట్టెకూ పెట్టారు. బొట్టుతో ఆగితే బాగుండును. రెక్కల సందుల్లో విభూతి మెత్తి, గంధం పూసి, బంతిపూల దండ చుట్టి, పైన పట్టు జాకెట్టు గుడ్డ కప్పి, పూజ అయ్యేదాకా ఆన్‌లోనే ఉంచారు. ఒక ఇంట్లో కాదు, తీసుకున్న సగం ఇళ్ళలో. పెట్టెలు ఉడికి ఆగిపోయాయని వరసగా ఫోన్లు వచ్చాయి. మామ టూత్ బ్రష్షు జేబులో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గంధం తోమి వచ్చారు. ఎవరినీ తిట్టలేదు. "సామికి వేడి తగిలితే విసనకర్ర విసురుతారు కదా, దీనికీ విసరండి. కప్పొద్దు," అని మాత్రం చెప్పారు. మరుసటి ఏడాది నుంచి పెట్టె ముందు భాగాన బొట్టుకని నున్నటి చోటు ఒకటి విడిచిపెట్టడం మొదలుపెట్టారు.

చప్పుడు లేకపోవడం కొన్నవాళ్ళకు సుఖం. మామకు అది సుఖం కోసం కాదు. ఆయన బల్ల, అత్త మంచం ఒకే గదిలో ఉండేవి. ఆయన పని చేసుకుంటూ అటు తిరిగి కూర్చున్నా చెవి మాత్రం అత్త మిషన్ మీదే ఉండేది. దాని గురగుర కాస్త మారినా, గొట్టం మడతపడి గాలి తగ్గినా ఆయనకు తెలిసేది. తన కంప్యూటరు చప్పుడు చేస్తే ఆ చప్పుడు కింద అది మునిగిపోతుంది. తక్కువ కరెంటు కూడా అందుకే. తన పెట్టె రాత్రీ పగలూ ఆన్‌లో ఉన్నా ఇన్వర్టరు మీద బరువు పడకూడదు. అయినా కరెంటు పోతే మొదట ఆపేది తన పెట్టెనే. "అది చాలా కొంచెమే కదా తినేది, ఉండనియ్యి మామా," అని నేనొకసారి అంటే, "కొంచెమైనా మీ అత్తది," అన్నారు. ప్రేమ అన్న మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మా ఇళ్ళలో ఆ మాట సినిమాల్లో వాళ్ళదే.

ఆయన ఎలా పోయారో సూలూరు నుంచి వచ్చిన షెడ్డు యజమాని చెప్పాడు. తరి అంటే మగ్గం. ఆ షెడ్డులో మరమగ్గాలు రోజంతా దడదడలాడుతుంటాయి. పక్కనే గాజు తలుపు వేసిన చిన్న ఆఫీసు. మామ ఆ రోజు పొద్దున అక్కడికి కొత్త పెట్టె తీసుకెళ్ళి బిగించారు. స్విచ్చు వేశారు. కళ్ళజోడు తీసి పక్కన పెట్టారు. పెట్టె మీద చెంప ఆనించారు.

"మేము గాజులోంచి సూస్తానే ఉంటిమి," అన్నాడాయన. చేతిలో టీ గ్లాసు అలాగే పట్టుకుని ఉన్నాడు. "మామ మిషన్ వింటా ఉండారని అనుకుంటిమి. అప్పుడు పిలవకూడదు కదాంగ? టీ వచ్చింది. నేనే అంటిని, ఉండనీ, లేసినాక ఇద్దామని. టీ సల్లారిపోయింది. ఇంకోటి తెప్పించినాను."

ఆయన తప్పేమీ లేదు. నేనున్నా అలాగే గుమ్మం బయట నిలబడేదాన్ని. ఆ మాట ఆయనతో చెప్పాను కూడా. ఎంతసేపు ఆగారు, ముందే పిలిచి ఉంటే ఏమై ఉండేది అని బావ అడగబోయి మానేశాడు. గుండె అని డాక్టరు రాశారు. నేను ఆ టీ గ్లాసు తీసుకెళ్ళి కడిగి బోర్లించాను. నాకప్పుడు చేతులకు పని కావాలి, అంతే.

మిగతా రోజులు జరిగిపోయాయి. డప్పులు కొట్టారు, అన్నాలు పెట్టారు. మామ పెట్టెలు కొన్నవాళ్ళంతా వచ్చారు. కొందరు నాతో గొంతు తగ్గించి, "ఇంక మా మిషన్ ఏదన్నా ఐతే ఎవురిని పిలిచేది?" అని అడిగారు. వినడానికి బాగుండదు గానీ, ఆయన కోసం ఏడ్చినవాళ్ళ కంటే ఆ మాట అడిగినవాళ్ళే నాకు దగ్గరగా అనిపించారు. నేనూ అదే అడుగుతున్నాను లోపల, వేరే మిషన్ గురించి.

కర్మ అయిన రోజు మధ్యాహ్నం ఆ సంగతే తేల్చడానికి ముందు గదిలో కూర్చున్నాం. అత్త కుర్చీలో, బావ ఎదురుగా, నేను, మా అమ్మ, ఇంకొంతమంది చుట్టాలు. తిరుప్పూరులో తన అపార్టుమెంటులో జనరేటరుందనీ, కరెంటు పోయినా తెలియదనీ, అత్తను ఆ సాయంత్రమే తీసుకెళ్తాననీ బావ అన్నాడు. కారు కూడా చెప్పి ఉంచాడు.

"ఈడ ఎవురుండారమ్మా నీకు? కరెంటు పోయిందంటే ఎవురు లేస్తారు?" అన్నాడు. కోపంగా అనలేదు. నాన్నను పోగొట్టుకుని పదిమందికి భోజనాలు పెట్టి అలిసిపోయిన మనిషి గొంతు అది.

అత్త చీర కొంగు అంచు మడుస్తూ, విప్పుతూ కూర్చుంది.

అప్పుడే కరెంటు పోయింది. మా వైపు మధ్యాహ్నం కరెంటు పోవడం వింత కాదు. ఇన్వర్టరు టిక్కుమంది, ఆక్సిజన్ మిషన్ ఒక్క క్షణం గొంతు మార్చి మళ్ళీ అందుకుంది. ఆ గదిలో ఉన్నవాళ్ళం ఎవరమూ కదల్లేదు. ఇల్లంతా చుట్టాల ఫోన్లు చార్జింగులో ఉన్నాయి. వంటింట్లో ఫ్రిజ్జుంది, రెండు టేబులు ఫ్యాన్లు తిరుగుతున్నాయి. అన్నీ బ్యాటరీని తాగుతున్నాయి, అది అందరికీ తెలుసు. అయినా కూర్చునే ఉన్నాం. ఎందుకో నాకు కాసేపటికి గానీ అర్థం కాలేదు. మామ లేస్తారని చూస్తున్నాం.

అత్త లేచింది. కుర్చీ చేతుల మీద బరువు మోపి, ఆగి, ఊపిరి తీసుకుని లేచింది. నేను లేవబోతే చేయి అడ్డం పెట్టింది. గోడ పట్టుకుని నడుస్తూ, ముందు టేబులు ఫ్యాన్లు ఆపింది. తర్వాత ఫోన్ల చార్జర్లు ఒక్కొక్కటీ పీకి, ఎవరి ఫోన్ వాళ్ళ చేతికి ఇచ్చింది. ఫ్రిజ్జు తీయమని మా అమ్మకు చేత్తో చూపింది. గొట్టం ఆమె వెనకాల నేల మీద పాకుతూ వచ్చింది. మామ బల్ల దగ్గరకొచ్చేసరికి గొట్టం బిగుసుకుని ఇంక రానంది. అత్త ముక్కు దగ్గర ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేయి చాపి, వేళ్ళ కొసలు మామ పెట్టె మీద ఆనించింది. వేళ్ళు తీయలేదు.

"ఏమయింది అత్తా?"

"వెచ్చంగా ఉండాది," అంది.

నాకు ముందు అర్థం కాలేదు. దగ్గరికి వెళ్ళి నేనూ చేయి పెట్టాను. నిజంగానే వెచ్చగా ఉంది. మౌసు కదిపితే తెర వెలిగింది. ఆయన ఆ రోజు పొద్దున సూలూరు వెళ్ళేముందు ఏం చేస్తూ వదిలేశారో అదంతా అలాగే ఉంది, సగం చదివిన పేజీ, పక్కన ఏదో పాత పాట ఆపి ఉంచి. ఆయన పోయినప్పటి నుంచి అది నడుస్తూనే ఉంది. డప్పుల నడుమ, ఏడుపుల నడుమ, ఇంతమంది తిరుగుతున్న గదిలో. చప్పుడు లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు.

"నీకు తెలుసునా?" అన్నాను.

అత్త తలూపింది.

నేను ఆపడానికి బాణం గుర్తును మూలకు జరిపాను. మామ అయితే మొదట చేసేది అదే కదా.

"అది ఉండనీ కన్నూ."

"కొంచెమైనా నీదే అత్తా. మామే అనేవారు."

"నాదే కదా. నేను ఇస్తా ఉండాను," అంది.

మాటకూ మాటకూ నడుమ ఆగి ఊపిరి తీసుకుంటోంది. తిరిగి కుర్చీ దాకా నడిచింది. ఈసారి నా భుజం పట్టుకోనిచ్చింది. కూర్చున్నాక బావ వైపు చూసింది.

"నువ్వు తిరుప్పూరుకు బయలుదేరు నాయనా. పిల్లలు కాచుకోనుంటారు. కరెంటు పోతే లేసేదానికి నేనుండాను."

బావ కారు వాడికి ఫోన్ చేసి, ఒక్కడే వస్తున్నానని చెప్పాడు. కాసేపటికి కరెంటు వచ్చింది. ఫ్యాను వేయమని ఎవరూ అనలేదు, వేయడానికి ఎవరూ లేవలేదు. అత్త మిషన్ గురగురలాడుతోంది. మామ తెర తనంతట తాను ఆరిపోయేదాకా అందరం ఆ ఉక్కలో చెమటలు కారుతుండగా కూర్చున్నాం.